ఏం అడుగుతున్నారో చూడండి: సోషల్ మీడియా మోసాలను పసిగట్టే పద్ధతి

సోషల్ మీడియా మోసాల పేర్లు తరచూ మారుతుంటాయి. మొన్న లాటరీ, నిన్న పార్సిల్, ఇవాళ లైకులు కొడితే జీతం, రేపు ఇంకోటి. ఆ పేర్లన్నీ గుర్తుపెట్టుకోవడం అయ్యే పని కాదు, అవసరం కూడా లేదు. ఎందుకంటే కథ ఎలా నడిచినా చివరికి మోసగాడు అడిగేవి కొన్నే: మీ ఫోన్‌కి వచ్చిన కోడ్, తిరిగి రాబట్టుకోలేని దారిలో డబ్బు, మీ ఫోన్‌లో ఒక యాప్ లేదా స్క్రీన్ షేరింగ్, గుర్తింపు కార్డు ఫొటో, నలుగురికీ చూపించలేని ఫొటోనో వీడియోనో. అవతలి మనిషి ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడు, ఫొటో ఎవరిది, పేరు ఎవరిది అన్నవి పక్కనపెట్టి, వీటిలో ఏదైనా అడుగుతున్నాడా అని చూడండి. అడిగితే అక్కడికక్కడే సంభాషణ ఆపి, వేరే దారిలో నిర్ధారించుకోవాలి. అడిగింది మీ సొంత తమ్ముడి ఖాతా నుంచే అయినా ఇదే పద్ధతి.

కోడ్ అడిగితే

"ఒరేయ్, కొత్త ఫోన్ తీసుకున్నా. నా వాట్సాప్ కోడ్ పొరపాటున నీ నంబరుకి వచ్చింది, కొంచెం పంపవా? అర్జెంట్."

ఈ మెసేజ్ మీ స్నేహితుడి ఖాతా నుంచే వస్తుంది. పైన పాత చాటింగ్ కూడా అలాగే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. లోపల జరుగుతున్నది వేరు. స్నేహితుడి ఖాతా అప్పటికే పరుల చేతిలో ఉంది. వాళ్లు ఇంకో ఫోన్‌లో వాట్సాప్ తెరిచి మీ నంబరు కొట్టారు. అందుకే మీకు ఆరంకెల కోడ్ వచ్చింది. ఆ కోడ్ ఏ నంబరుకి వస్తే ఆ నంబరు ఖాతాకే పనిచేస్తుంది, కాబట్టి "నా కోడ్ నీకొచ్చింది" అన్న మాటలోనే అబద్ధం ఉంది. పంపిన మరుక్షణం మీ ఫోన్‌లో వాట్సాప్ మూతపడుతుంది, వాళ్ల ఫోన్‌లో తెరుచుకుంటుంది. వెంటనే వాళ్లు తమ సొంత పిన్ పెట్టేసి, మీ గ్రూపుల్లో అందరికీ "ఆసుపత్రిలో ఉన్నాను, కాస్త డబ్బు సర్దండి" అని పంపడం మొదలుపెడతారు.

దీనికంటే కనిపెట్టడం కష్టమైనది ఇంకోటి ఉంది. "మా పాప డ్రాయింగ్ పోటీలో ఉంది, ఓటు వేయండి" అని లింక్ వస్తుంది. తెరిస్తే ఫోన్ నంబరు అడుగుతుంది, తర్వాత అక్షరాలూ అంకెలూ కలిసిన ఎనిమిది గుర్తుల కోడ్ చూపించి, వాట్సాప్‌లో కొట్టమంటుంది. అది ఓటు కాదు. వాళ్ల కంప్యూటర్‌ను మీ ఖాతాకు లింక్ చేసే కోడ్. ఇక్కడ మీ ఫోన్‌లో వాట్సాప్ మామూలుగానే నడుస్తుంది కాబట్టి ఏమీ జరగలేదనుకుంటారు. వాళ్లు మాత్రం మీ చాటింగ్ చదువుతూ, మీ పేరుతో మెసేజ్‌లు పంపుతూ ఉంటారు. వాట్సాప్‌లో మూడు చుక్కల మెనూలో (ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో) "లింక్డ్ డివైసెస్" తెరిచి చూస్తే ఇది బయటపడుతుంది. మీరు పెట్టనిది ఏది కనిపించినా దాన్ని నొక్కి లాగౌట్ చేయండి. వారానికోసారి ఈ పేజీ చూసుకోవడం మంచిది, అర నిమిషం కూడా పట్టదు.

ముందు జాగ్రత్తగా ఇప్పుడే చేయాల్సిన పని: వాట్సాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్, టూ-స్టెప్ వెరిఫికేషన్. అక్కడ ఆరంకెల పిన్ పెట్టి, ఈమెయిల్ కూడా ఇవ్వండి. ఈమెయిల్ ఇవ్వకపోతే పిన్ మర్చిపోయిన రోజు మీరే బయట నిలబడాల్సి వస్తుంది. పుట్టినరోజు అంకెలు వద్దు, అవి మీ ప్రొఫైల్‌లోనే ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లకు అకౌంట్స్ సెంటర్‌లో పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ కింద టూ-ఫ్యాక్టర్ ఆథెంటికేషన్ ఉంటుంది. ఎస్ఎంఎస్ కంటే ఆథెంటికేటర్ యాప్ (లాగిన్ కోడ్‌లను మీ ఫోన్‌లోనే తయారుచేసే యాప్) ఎంచుకోవడం మేలు. మీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకున్నవాడికి ఎస్ఎంఎస్‌లు చేరతాయి, యాప్‌లో పుట్టే కోడ్ చేరదు. చివర్లో వచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి ఇంట్లో దాచండి. అదే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ పెట్టుకుంటే ఫోన్ పోయినప్పుడు అవీ పోతాయి.

వాట్సాప్ ఖాతా ఇప్పటికే పోయిందా? మీ సిమ్ ఉన్న ఫోన్‌లో మళ్లీ వాట్సాప్ వేసి, మీ నంబరు కొట్టి, వచ్చిన కొత్త కోడ్ ఇవ్వండి. అవతలివాడి ఫోన్‌లో ఖాతా ఆగిపోతుంది. వాడు పెట్టిన పిన్ అడిగితే ఏడు రోజులు ఆగాల్సి వస్తుంది. ఆ ఏడు రోజులూ మీరు వాడలేరు కానీ వాడూ వాడలేడు. తప్పుడు కోడ్‌లు గబగబా కొడితే కొన్ని గంటలు ఆగమంటుంది కాబట్టి నిదానంగా చేయండి. ఈలోగా మీ పేరుతో డబ్బు అడుగుతున్నది మీరు కాదని దగ్గరివాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పించండి. ఇది ఖాతా తిరిగి తెచ్చుకోవడం కంటే ముందు చేయాల్సిన పని.

చిన్న మొత్తం నిజంగానే చేతికొస్తే

ఎక్కువమంది నిండా మునిగేది ఇక్కడే, అదీ జాగ్రత్తపరులే. ఎందుకంటే వాళ్లు ముందు కొంచెం పెట్టి చూస్తారు, డబ్బు నిజంగానే తిరిగొస్తుంది.

పని పేరుతో జరిగేది ఇలా ఉంటుంది. వీడియోలకు లైకు కొట్టాలి, లేదా హోటళ్లకు రేటింగ్ ఇవ్వాలి. మొదటి మూడు పనులకు చిన్న మొత్తం మీ ఖాతాలో పడుతుంది. అది ఎర ఖర్చు, వాళ్లు ముందే లెక్కేసుకున్నది. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు. అక్కడ చాలామంది "నాకు ఇంతొచ్చింది" అని స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు. వాళ్లలో చాలావరకు మోసగాళ్లే, వేర్వేరు పేర్లతో. ఇక "ప్రీపెయిడ్ టాస్క్" మొదలవుతుంది: వంద కడితే నూట ముప్పై. మొదటిసారి ఇస్తారు. రెండోసారి మొత్తం పెరుగుతుంది. మూడోసారి "ఇది మూడు భాగాల టాస్క్, మధ్యలో ఆపితే మొత్తం పోతుంది" అంటారు. అప్పటికే పెట్టింది పోతుందన్న భయమే తర్వాతి మొత్తాన్ని కట్టిస్తుంది.

పెట్టుబడి మోసం ఇంతకంటే నిదానం. "సారీ, రాంగ్ నంబర్" అన్న మెసేజ్‌తోనో, డేటింగ్ యాప్‌లో పరిచయంతోనో మొదలై, వారాల తరబడి పొద్దున్నే పలకరింపులు, భోజనం చేశారా అన్న ఆరా. డబ్బు ఊసే ఉండదు. తర్వాత ఎప్పుడో తన లాభాల గురించి ఒక ముక్క, ఆపైన ఒక ట్రేడింగ్ యాప్. అందులో అంకెలు పెరుగుతుంటాయి. ఆ అంకెలు మార్కెట్‌లో ధరలు కావు, వెనక కూర్చున్నవాళ్లు నింపేవి.

రెండింటికీ ఒకే పరీక్ష పనిచేస్తుంది. డబ్బు వెనక్కి తీసుకోబోతే పన్ను అనో, అన్‌లాక్ ఫీజు అనో, క్రెడిట్ స్కోరు తగ్గిందనో ముందు ఇంకొంత కట్టమంటారు. అప్పుడు ఇలా రాయండి: "ఆ ఫీజు నా బ్యాలెన్స్‌లోంచే మినహాయించుకుని మిగతాది పంపండి." ఒప్పుకోరు. ఒప్పుకోలేరు కూడా, ఎందుకంటే మినహాయించుకోవడానికి అక్కడ డబ్బే లేదు. ఆ జవాబు వచ్చాక ఇంకొక్క పైసా కట్టకండి, ఎంత పెట్టి ఉన్నా సరే. ఇప్పటిదాకా కట్టింది పోయిందని ఒప్పుకోవడం చాలా బాధాకరం. కానీ ఈ దశలో కట్టే ప్రతి మొత్తం పాత నష్టాన్ని పెంచేదే తప్ప పూడ్చేది కాదు.

అంతదాకా రాకముందే చూసుకోవాల్సినవి రెండు. ఒకటి, పెట్టుబడి తీసుకునే సంస్థ మీ దేశంలో నియంత్రణ సంస్థ దగ్గర నమోదై ఉందా. వాళ్లు పంపిన సర్టిఫికెట్ చూడటం కాదు, నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌ను మీరే తెరిచి జాబితాలో వెతకాలి. పేరు దొరికినా అక్కడున్న నంబరుకే ఫోన్ చేయాలి, నిజమైన సంస్థల పేరు వాడుకునేవాళ్లు చాలామంది. రెండోది, డబ్బు ఎవరి పేరు మీదికి వెళ్తోంది. సంస్థ పేరొకటి, ఖాతాదారు పేరు వేరొక వ్యక్తిది అయితే, లేదా ప్రతిసారీ కొత్త ఖాతా ఇస్తుంటే, అక్కడితో ఆగిపోండి. అవి అద్దెకు తీసుకున్న ఖాతాలు.

టిక్కు, ముఖం, గొంతు

నీలి టిక్కు చూసి నమ్మే రోజులు పోయాయి. ఎక్స్‌లోనూ మెటా వేదికల్లోనూ (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్) ఇప్పుడు నెలనెలా డబ్బు కట్టి టిక్కు తెచ్చుకోవచ్చు. అసలు ఖాతా అయినంత మాత్రాన కూడా భరోసా లేదు. 2020 జులై 15న ట్విటర్ (ఇప్పటి ఎక్స్) లోపలి వ్యవస్థలే దుండగుల చేతికి చిక్కాయి. బరాక్ ఒబామా, బిల్ గేట్స్, ఎలాన్ మస్క్ వంటివారి అసలు ఖాతాల నుంచే "బిట్‌కాయిన్ పంపండి, రెట్టింపు చేసి తిరిగిస్తాం" అన్న పోస్టులు వచ్చాయి. కొద్ది గంటల్లోనే లక్ష డాలర్లకు పైగా జనం పంపేశారు.

వీడియోలో మనిషి కనబడ్డాడు కదా అన్నదీ సరిపోదు. 2024 ఆరంభంలో హాంకాంగ్‌లో అరప్ అనే ఇంజినీరింగ్ సంస్థ ఉద్యోగి ఒకరు, వీడియో కాల్‌లో ఉన్నతాధికారినీ తోటి ఉద్యోగులనూ చూసి నమ్మి, దాదాపు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేశారు. కాల్‌లో కనిపించినవాళ్లు డీప్‌ఫేక్‌లు, అంటే ఏఐతో తయారుచేసిన నకిలీ ముఖాలు, గొంతులు. ముఖం పక్కకు తిప్పమనడం, ముఖం ముందు చెయ్యి అడ్డంగా ఆడించమనడం లాంటి పరీక్షలు కొన్నిసార్లు పనిచేస్తాయి. కానీ సాంకేతికత మెరుగుపడుతున్నకొద్దీ వాటి మీద ఆధారపడటం తగ్గించాలి. నికరమైన పద్ధతి: కాల్ కట్ చేసి, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకి మీరే ఫోన్ చేయడం. ఇంట్లోవాళ్లంతా కలిసి ఒక రహస్య మాట అనుకోండి, ఎక్కడా రాయనిది, ఏ పోస్టులోనూ లేనిది. ఆపదలో ఉన్నానంటూ మీ అబ్బాయి గొంతుతో ఫోన్ వస్తే ఆ మాట అడగండి.

ప్రొఫైల్ పరిశీలనకు ఐదు నిమిషాలు చాలు:

1. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫైల్ పేరు మీదో, మూడు చుక్కల మీదో నొక్కి "అబౌట్ దిస్ అకౌంట్" చూడండి. ఎప్పుడు చేరింది, ఏ దేశం నుంచి, ఎన్నిసార్లు పేరు మార్చుకుంది అన్నవి చాలా ఖాతాలకు కనిపిస్తాయి.
2. ఫేస్‌బుక్ పేజీ అయితే "పేజ్ ట్రాన్స్‌పరెన్సీ" తెరవండి. నిన్నటిదాకా వంటల పేజీగా ఉండి ఇవాళ బ్యాంకు సహాయ కేంద్రంగా మారిన పేజీల చరిత్ర అక్కడే దొరుకుతుంది. వేల ఫాలోయర్లున్న పాత పేజీని కొనో, కొల్లగొట్టో పేరు మార్చడం మామూలు ఎత్తు.
3. ప్రొఫైల్ ఫొటోను గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో (ఫొటో ఇస్తే అది ఇంకెక్కడుందో వెతికిపెట్టేవి) వెతకండి. అదే ముఖం వేరే పేరుతో దొరికితే తేలిపోయినట్టే. ఏమీ దొరక్కపోతే మాత్రం అసలైనదని అర్థం కాదు. ఏఐ గీసిన ముఖానికి పాత జాడలుండవు.
4. పోస్టుల తేదీలు చూడండి. ఫొటోలన్నీ రెండు మూడు రోజుల్లోనే ఎక్కించి, కామెంట్లలో ఎవరూ పేరుపెట్టి పలకరించని ఖాతాను నమ్మకండి.

ఇప్పటికే స్నేహితుల జాబితాలో ఉన్నవారి నుంచి మళ్లీ రిక్వెస్ట్ వస్తే అది నకలు ఖాతా కావచ్చు. ఒప్పుకునే ముందు వాళ్లకు ఫోన్ చేయండి. మీ నకలు తయారవకుండా ఉండాలంటే ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్స్ జాబితాను "ఓన్లీ మీ" చేసుకోండి. నకలు చేసేవాడికి కావాల్సింది మీ ఫొటో కంటే ఎక్కువగా ఆ జాబితానే.

లింక్ చదవడం

"మీ పేజీ కాపీరైట్ ఉల్లంఘించింది, 24 గంటల్లో తొలగిస్తాం, అప్పీలు చేసుకోండి" అని పేజీలు నడిపేవారికి, చిన్న వ్యాపారులకు తెగ వస్తుంటాయి. పంపే ఖాతా పేరులో మెటా, సపోర్ట్, సెక్యూరిటీ లాంటి మాటలుంటాయి, బొమ్మ కూడా లోగోనే. అప్పీలు లింక్ నొక్కితే అచ్చం లాగిన్ పేజీలా ఉన్నది తెరుచుకుని పాస్‌వర్డ్ పట్టుకుపోతుంది, ఆ వెంటనే వచ్చిన కోడ్ కూడా అడుగుతుంది. నిజమైన హెచ్చరికలు యాప్ లోపల సపోర్ట్ విభాగంలో, అకౌంట్ స్టేటస్‌లో కనిపిస్తాయి. ఈమెయిల్ వచ్చిందంటారా, ఇన్‌స్టాగ్రామ్‌లో పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ కింద "రీసెంట్ ఈమెయిల్స్" తెరిస్తే సంస్థ ఈ మధ్య మీకు నిజంగా పంపిన మెయిళ్ల జాబితా ఉంటుంది. అందులో లేనిది సంస్థ పంపింది కాదు.

వెబ్ చిరునామాను కుడినుంచి ఎడమకు చదవాలి. మొదటి ఒంటి స్లాష్ గుర్తు ఎక్కడుందో చూసి, దానికి ముందున్న చివరి రెండు ముక్కలే చాలావరకు అసలు యజమానిని చెబుతాయి. ఉదాహరణకు "ఫేస్‌బుక్ డాట్ కామ్ డాట్ అప్పీల్-హెల్ప్ డాట్ టాప్" అని ఉంటే ఆ సైటు ఫేస్‌బుక్‌ది కాదు, "అప్పీల్-హెల్ప్ డాట్ టాప్" ది. ముందున్న ఫేస్‌బుక్ అన్న మాటను ఎవరైనా తగిలించుకోవచ్చు. కొన్ని దేశాల చిరునామాల్లో చివర మూడు ముక్కలు చూడాల్సి ఉంటుంది. తాళం గుర్తు ఉందని ధీమా పడకండి. మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం, అవతలున్నది నిజాయితీపరుడని కాదు. పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లు దాచి, తనే నింపే యాప్) వాడేవారికి ఒక మేలుంది: చిరునామా తేడాగా ఉంటే అది పాస్‌వర్డ్ నింపదు. నింపకపోతే చేత్తో కొట్టకుండా ఆగి చూడండి.

కొనడం, అమ్మడం

ప్రకటనలో కనబడ్డ దుకాణం పేరు పక్కన "మోసం", "రీఫండ్" అన్న మాటలు చేర్చి వెతకండి. వెబ్‌సైటు ఎప్పుడు నమోదైందో హూయిజ్‌లో (వెబ్‌సైట్ల నమోదు వివరాలు చూపించే సేవ) చూడండి. ఇరవై ఏళ్ల బ్రాండు అని చెప్పుకుంటూ మూడు వారాల క్రితం పుట్టిన సైటు అయితే వదిలేయండి. కొత్తచోట కార్డుతో కట్టడం నయం, వస్తువు రాకపోతే బ్యాంకు ద్వారా వివాదం వేసే వీలుంటుంది.

అమ్మేటప్పుడు మోసం వేరే రూపంలో వస్తుంది. బేరమాడకుండా ఒప్పుకున్న కొనుగోలుదారు "ఈ క్యూఆర్ స్కాన్ చేయండి, డబ్బు పడుతుంది" అంటాడు, లేదా "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిప్పి పంపండి" అంటూ స్క్రీన్‌షాట్ పెడతాడు. పిన్ కొట్టాల్సి వచ్చిందంటే డబ్బు మీ దగ్గర్నుంచి వెళ్తోందని అర్థం, రావడానికి పిన్ అక్కర్లేదు. స్క్రీన్‌షాట్‌ను, ఎస్ఎంఎస్‌ను లెక్కలోకి తీసుకోకండి. బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసిన తర్వాతే వస్తువు ఇవ్వండి.

యాప్ వేసుకోమంటే

ఆహ్వానపత్రిక అనో, బిల్లు అనో వచ్చిన ఫైలు పేరు చివర "డాట్ ఏపీకే" ఉంటే అది పత్రం కాదు, యాప్. వేసుకున్నాక ఎస్ఎంఎస్ చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. మొదటిదానితో మీ ఓటీపీలు చదువుతుంది. రెండోది ఇస్తే తెర మీద ఉన్నదంతా చూడగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. "సాయం చేస్తాం" అంటూ ఫోన్‌ను దూరం నుంచే చూసి నడిపించే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి యాప్‌లు వేయించడం, వీడియో కాల్‌లోనే స్క్రీన్ షేర్ చేయమనడం కూడా ఇదే కోవ. పొరపాటున వేసుకుంటే వెంటనే వైఫై, మొబైల్ డేటా ఆపి, మరో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి, ఆ తర్వాత ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. యాప్‌ను తొలగించినంత మాత్రాన సరిపోదు, కొన్ని తమ గుర్తును దాచేసుకుని లోపలే ఉంటాయి.

వీడియో చూపించి బెదిరిస్తే

అపరిచితుల వీడియో కాల్ రికార్డు చేసి, "మీ ఫ్రెండ్స్ అందరికీ పంపుతాం" అని డబ్బు అడుగుతారు. ఇక్కడ దయచేసి డబ్బు కట్టకండి. కట్టినవాళ్లను వాళ్లు వదలరు, కడతారని తెలిశాక ఇంకా ఎక్కువ అడుగుతారు. బెదిరింపుల స్క్రీన్‌షాట్లు, ప్రొఫైల్ లింక్ దాచుకుని, జవాబివ్వడం ఆపి, బ్లాక్ చేయండి. అలాంటి ఫొటోలు, వీడియోలు వ్యాపించకుండా ఆపడానికి పద్దెనిమిదేళ్లు దాటినవారు "స్టాప్‌ఎన్‌సీఐఐ డాట్ ఆర్గ్" అనే వెబ్‌సైటు వాడుకోవచ్చు. ఫొటో మీ ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు, దాని డిజిటల్ ముద్ర ఒకటే వెళ్తుంది. ఆ ముద్రతో సరిపోలే ఫొటోలను ఈ ఏర్పాటులో చేరిన సోషల్ మీడియా వేదికలు అడ్డుకుంటాయి. మైనర్ల కోసం "టేక్ ఇట్ డౌన్" అని ఇలాంటిదే ఉంది. ఇంట్లో పిల్లలు ఇలాంటి ఉచ్చులో చిక్కితే మొదటి మాట తిట్టు కాకూడదు. ఇంట్లో తెలుస్తుందన్న భయమే బెదిరించేవాడి చేతిలో ఉన్న బలమంతా. తప్పు వాడిదని చెప్పి, పిల్లల పక్కన కూర్చుని ఫోన్ మీరు తీసుకోండి.

డబ్బు పోయాక మొదటి గంట

ముందు బ్యాంకుకు ఫోన్. కార్డు వెనక ఉన్న నంబరుకే చేయండి, ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ అని వెతికితే నకిలీ నంబర్లు దొరుకుతాయి. "మోసపు లావాదేవీ, అవతలి ఖాతాను ఆపించండి" అని స్పష్టంగా చెప్పి ఫిర్యాదు సంఖ్య రాసుకోండి. డబ్బు చేరిన ఖాతాలోంచి చకచకా ముక్కలై వేరే ఖాతాలకు వెళ్లిపోతుంది, అందుకే ప్రతి నిమిషమూ విలువైనదే. గిఫ్ట్ కార్డు అయితే దాన్ని జారీచేసిన సంస్థకు వెంటనే చెప్పండి, రసీదు పారేయకండి. క్రిప్టో బదిలీని వెనక్కి తిప్పలేం కానీ, ఏదైనా ఎక్స్ఛేంజ్‌కి (క్రిప్టో కొని అమ్మే సంస్థకు) చేరి ఉంటే వాళ్లు ఆపే అవకాశం కొంత ఉంటుంది. లావాదేవీ హ్యాష్‌తో (ఆ బదిలీకి ఉండే గుర్తింపు సంఖ్యతో) సహా వాళ్లకు రాయండి.

తర్వాత ఆధారాలు. బ్లాక్ చేసే ముందే చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేయండి. ప్రొఫైల్ పేరుతో పాటు దాని లింక్ కూడా కాపీ చేసుకోండి, పేరు గంటలో మార్చేస్తారు. డబ్బు వెళ్లిన ఖాతా వివరాలు, సమయం, లావాదేవీ సంఖ్య ఒకచోట రాసి పోలీసుల సైబర్ విభాగానికి ఇవ్వండి. ఆ తర్వాతే వేదికలో రిపోర్ట్ కొట్టండి, ఎందుకంటే ఖాతా తీసేశాక మీరు చూపించడానికి ఏమీ మిగలకపోవచ్చు. గుర్తింపు కార్డు ఫొటో ఇచ్చి ఉంటే మీ పేరుతో కొత్త అప్పులు, కొత్త సిమ్‌లు పుట్టాయేమో కొన్ని నెలలపాటు చూస్తూ ఉండాలి.

కొన్ని రోజులకో వారాలకో ఇంకో మెసేజ్ రావచ్చు: "మీ డబ్బు మేం రాబడతాం, లాయర్లం", "హ్యాకర్లం", "పోలీసు విభాగం నుంచి". మీరు ఎంత పోగొట్టుకున్నారో కూడా సరిగ్గా చెబుతారు. ఆ లెక్క వాళ్లకు తెలిసింది మొదటి మోసగాళ్ల దగ్గర్నుంచే, బాధితుల జాబితాలు చేతులు మారుతుంటాయి. రాబట్టడానికి ముందు ఫీజు అడిగారంటే అది అదే మోసానికి రెండో వాయిదా. నిజమైన దర్యాప్తు అధికారి టెలిగ్రామ్‌లో ఫీజు అడగరు. మీ ఫిర్యాదు ఏమైందో తెలుసుకోవాలంటే మీ దగ్గరున్న ఫిర్యాదు సంఖ్యతో మీరే స్టేషన్‌కి ఫోన్ చేయండి.